శ్రమజీవుల సర్దార్ గౌతు లచ్చన్న

మానవుని కనీస అవసరాలు మూడు: కూడు, గుడ్డ, గూడు. వీటిలో గుడ్డకు ఒక ప్రత్యేకత ఉంది. తిన్న కూడు ఇతరులకు కనిపించదు. కట్టిన గుడ్డ మాత్రం పదిమంది కంటా పడుతుంది. అందుచేతనే ఎండనుంచి, చలినుంచి శరీరాన్ని కాపాడే సాధనంగా పుట్టిన వస్త్రం కాలక్రమంలో హోదాకు గుర్తయింది, వేడుకయింది, కొందరికి వ్యామోహమయింది. గుడ్డ నాణ్యాన్ని, రంగును, అంచును పరిశీలించి మెచ్చుకొనేవారు ఎందరో ఉంటారు. ఆ గుడ్డను తయారుచేసిన చేతులకు కడుపునిండా కూడు దొరికిందా అని విచారించేవారు కొందరే ఉంటారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో భారత స్వాతంత్ర్యోద్యమం ఈ విచారణను ప్రతి ఇంటి గడపలోకీ తీసుకొనివచ్చింది. ఆ ఉద్యమంలో విద్యార్థిగా అడుగుపెట్టి, గుడ్డ విషయంలో నేర్చుకొన్న నీతిని ఉప్పుకు, భూమికి, తాటిచెట్టుకు కూడా వర్తింపజేసి, జీవితాంతం శ్రమజీవుల పక్షాన నిలిచిన నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న.

శ్రీకాకుళం జిల్లా ఈశాన్య భాగాన, ఒకవైపు మహేంద్రగిరుల పంక్తి, మరొకవైపు బంగాళాఖాతం. ఈ రెంటి నడుమ ఉన్న తీరప్రాంతానికి ఉద్దానం అని పేరు. ఉద్యానమనే మాటే ప్రజల నోట ఉద్దానమైందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలతో పచ్చగా కనిపించే ఈ నేలకు ఆ పేరు తగినదే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలు ఈ తోటల సీమలోనివి. దీనికి దక్షిణాన టెక్కలి, ఆ సమీపంలోనే ఉప్పుమళ్లకు పేరుపొందిన నౌపడ ఉన్నాయి. నేల పచ్చనిదే కాని, ఆ కాలంలో దానిమీద చెమటోడ్చినవారి బతుకులు పచ్చగా లేవు. మందస, టెక్కలి వంటి జమీందారీల కింద రైతులు శిస్తులతోను, అడవిమీద ఆంక్షలతోను నలిగిపోయేవారు. తీరాన చేపలు పట్టేవారు, తాటిచెట్లు గీసేవారు, మగ్గం నేసేవారు పేదరికంలోనే కాలం గడిపేవారు.

మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు గ్రామం బారువ. ఆ గ్రామంలో 1909 ఆగస్టు 16వ తేదీన లచ్చన్న జన్మించారు. తల్లి రాజమ్మ, తండ్రి చిట్టయ్య. ఆ దంపతులకు ఆయన ఎనిమిదవ సంతానం. వారిది గీతవృత్తి మీద ఆధారపడిన వర్గానికి చెందిన పేద కుటుంబం. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఏర్పడలేదు. బారువ, సోంపేట, టెక్కలి ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేవి.

గీతవృత్తి కష్టమైనది, ప్రమాదకరమైనది. మోకును నడుముకు చుట్టుకొని, కత్తిని ఒడిలో పెట్టుకొని, నిటారుగా ఉన్న తాటిచెట్టును రోజూ ఎక్కి దిగాలి. పట్టు తప్పితే ప్రాణమే పోతుంది. ఇంతచేసి దించిన కల్లుకు పన్ను కట్టాలి. సమాజం ఆ కల్లును తాగుతుంది. చెట్టెక్కినవానిని మాత్రం చిన్నచూపు చూస్తుంది. వస్తువును కోరుకొని, దాన్ని అందించిన మనిషిని దూరంగా ఉంచే ఈ లోకరీతి లచ్చన్న పుట్టిపెరిగిన వర్గానికి నిత్యానుభవం. ఆయన తరువాతి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం ఎంతో అవసరం.

పేదరికం అడ్డువచ్చినా లచ్చన్న పట్టుదలతో మెట్రిక్యులేషన్ స్థాయి వరకు చదువుకొన్నారు. ఆ రోజుల్లో ఒక గీతకార్మిక కుటుంబంలోని పిల్లవాడు అంతవరకు చదవడం అరుదు. ఆ పరీక్ష గట్టెక్కితే ప్రభుత్వోద్యోగానికి దారి తెరుచుకొనేది. సరిగ్గా ఆ సమయంలోనే, 1930లో, గాంధీమహాత్ముని పిలుపు దేశమంతటా మారుమోగింది. ఇరవై ఒక్కేళ్ల లచ్చన్న చదువుకు స్వస్తిచెప్పి ఉద్యమంలో ప్రవేశించారు. విదేశీ వస్త్ర బహిష్కరణలో భాగంగా తన విలువైన దుస్తులను అగ్నికి ఆహుతి చేశారు.

ఈ చర్యలోని బరువు తెలియాలంటే ఆనాటి వస్త్రవ్యాపారం తీరు తెలుసుకోవాలి. ఒకప్పుడు ప్రపంచానికి నూలు బట్టలు అమ్మిన దేశం మనది. కళింగాంధ్ర రేవులనుంచి, కృష్ణా, గోదావరి తీరాలనుంచి సన్నని నేత వస్త్రాలు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లేవి. పారిశ్రామిక విప్లవం తరువాత పరిస్థితి తలకిందులైంది. మన పత్తి ముడిసరుకుగా ఇంగ్లండుకు పోయి, లాంకషైర్ మరమిల్లుల్లో గుడ్డగా మారి, తిరిగి మన అంగళ్లకే వచ్చేది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు, 1913 ప్రాంతంలో, భారతదేశం ఏడాదికి 300 కోట్ల గజాలకు పైగా నూలు వస్త్రాన్ని దిగుమతి చేసుకొన్నది. మరగుడ్డ చౌకగా దొరికేది, నునుపుగా కనిపించేది. కాని ఆ చౌకదనానికి మూల్యం మరొకరు చెల్లించారు. ఊరూర రాట్నాలు మూలపడ్డాయి. మగ్గాలు ఆగిపోయి నేతకుటుంబాలు కూలిపనులకు, వలసలకు తరలిపోయాయి. కొనేవాడికి మిగిలిన ప్రతి అణా వెనుక నేసేవాడు కోల్పోయిన ముద్ద ఉన్నది.

విదేశీ వస్త్రదహనంపై ఆనాడే గట్టి చర్చ జరిగింది. దేశంలో కట్టుకోవడానికి గుడ్డలేక అల్లాడే పేదలు ఉండగా, ఉన్న గుడ్డను తగలబెట్టడం న్యాయమా అని విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు 1921లోనే ప్రశ్నించారు. అది తోసివేయదగిన ప్రశ్న కాదు. ఒక మనిషి చెమటతో తయారైన వస్తువును బుగ్గిచేయడం తనంతట తాను పుణ్యకార్యం కాజాలదు. గాంధీజీ ఇచ్చిన సమాధానపు సారం ఏమిటంటే, ఆ గుడ్డపై మోజును కాల్చకుండా కొత్త అలవాటు పుట్టదు. ఆ మోజును కాల్చినవాడు రాట్నాన్ని కూడా చేపట్టాలి. దహనం ఒక్కటే అయితే అది ఆవేశం. దహనంతోపాటు మరొకరికి ఉపాధి కల్పించే నిర్మాణం ఉంటేనే అది ధర్మం. లచ్చన్న జీవితంలో తరువాత ఎదురైన ఒక పెద్ద ధర్మసంకటంలో ఈ సూత్రమే ఆయనకు దారిచూపింది.

ఆ నిర్మాణం ఎలా ఉంటుందో చూడడానికి ఉద్యమకారులు దూరం వెళ్లవలసిన పనిలేకపోయింది. శ్రీకాకుళానికి చేరువలోనే పొందూరు ఉన్నది. మరమిల్లుల పోటీకి తట్టుకొని అక్కడి సన్నఖద్దరు బతికింది. కొండవాలుల్లో, మెట్టనేలల్లో పండే పొట్టిపింజ పత్తిని అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడతో దువ్వి చెత్తను, నలుసులను తొలగిస్తారు. ఆ దవడలోని సన్నని పళ్లవరుస దువ్వెనవలె పనిచేస్తుంది. గింజ తీసిన దూదిని చిన్న వింటితో ఏకి, మెత్తబరచి, ఏకులుగా చుట్టి, ఎండిన అరటిబోదె పట్టలో మురికి అంటకుండా భద్రపరుస్తారు. ఆపైన రాట్నంమీద నూరో నంబరుకు మించిన సన్ననూలు వడికి చిలపలు కడతారు. ఆ నూలును నేతగాళ్లు గుంటమగ్గంమీద పడుగుపేకలుగా కూర్చి పంచెలు, చీరలు నేస్తారు. ఈ పనిలో పొగ లేదు, మరచప్పుడు లేదు. పొలంనుంచి పెట్టెదాకా ప్రతి దశలోను ఒక మనిషి చేయి, ఒక ఇంటి పొయ్యి కనిపిస్తాయి. చిరిగేవరకు కట్టి, చిరిగిన తరువాత వేరొక పనికి వాడుకొని, చివరకు మట్టిలో కలిపినా ఆ నూలు నేలకు హాని చేయదు. పొందూరు ఖద్దరు గాంధీజీ మెప్పు పొందింది. అక్కడి కార్మికుల సంఘం 1949లో ఏర్పడి ఆ పనిని ముందుకు నడిపింది.

ఖద్దరు ఉద్యమం సయితం నీతిపరీక్షకు అతీతంగా నిలవలేదు. వడికే స్త్రీలకు ముట్టే కూలి మరీ తక్కువగా ఉన్నదన్న సంగతిని గాంధీజీయే లేవనెత్తారు. ఆయన పట్టుదలవల్ల 1935లో అఖిల భారత చరఖా సంఘం వారికి బతుకు గడిచే కనీస కూలి చెల్లించాలని నిర్ణయించింది. ధర పెరిగితే అమ్మకం పడిపోతుందన్న భయం అప్పుడు చాలామందికి కలిగింది. అయినప్పటికీ, కొనేవాని సౌకర్యంకోసం వడికే స్త్రీ కడుపుమాడ్చి తయారుచేసిన గుడ్డకు ఖద్దరనే పేరు ఎంత పెట్టినా అది స్వదేశీ కాజాలదని ఆ నిర్ణయం చాటింది. గుడ్డ ఎక్కడ తయారైందన్నది మొదటి ప్రశ్న. ఎలాంటి కూలితో తయారైందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

గుడ్డతోపాటే ఉప్పు కూడా ఆ ఏడు ఉద్యమ సాధనమైంది. సముద్రం ఒడ్డున పుట్టిన పేదవాడు సైతం ఉప్పుకు పన్ను కట్టవలసిన దుస్థితి ఉండేది. లచ్చన్న బారువ తీరాన సముద్రపు నీటితో ఉప్పు తయారుచేసి, దాన్ని బహిరంగంగా అమ్మి, వచ్చిన సొమ్మును ఉద్యమపు ఖర్చులకు వినియోగించారు. ప్రభుత్వం ఆయనను నిర్బంధించి టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లలో ఉంచింది. అనంతరం ఆయన బరంపురం జైలులో నెలరోజుల శిక్ష అనుభవించారు. అప్పటికాయన వయస్సు ఇరవై ఒకటి.

జైలునుంచి వచ్చిన తరువాత లచ్చన్న విదేశీ వస్తువుల బహిష్కరణను మరింత తీవ్రంగా సాగించారు. విదేశీ వస్త్రాలు అమ్మే దుకాణాల ఎదుట పికెటింగ్ చేయడం ఆనాటి ఉద్యమంలో ప్రధాన కార్యక్రమం. బేరగాండ్రకు నచ్చజెప్పి వెనక్కి పంపడం, దుకాణదారును బతిమాలి ఆ సరుకు తెప్పించకుండా చేయడం, పోలీసుల లాఠీదెబ్బలను ఓర్చుకోవడం స్వచ్ఛంద సేవకుల విధులు. 1932 నాటి శాసనోల్లంఘన ఉద్యమంలో కూడా ఆయన కారాగారవాసం అనుభవించారు. దేశమంతటా సాగిన ఈ బహిష్కరణవల్ల, ప్రపంచ ఆర్థికమాంద్యపు దెబ్బ కూడా తోడై, 1930 తరువాత రెండేళ్లలో బ్రిటిష్ వస్త్రాల దిగుమతి సగానికి పైగా పడిపోయింది.

ఆ దెబ్బ లాంకషైర్ మిల్లు యజమానులతోపాటు అక్కడి కూలీలమీద కూడా పడింది. 1931 సెప్టెంబరులో గాంధీజీ స్వయంగా లాంకషైర్ వెళ్లి పనికోల్పోయిన మిల్లుకార్మికుల మధ్య నిలబడ్డారు. వారి కష్టానికి సానుభూతి తెలిపి, భారతదేశంలోని పల్లెప్రజల దారిద్ర్యాన్ని వారికి వివరించారు. తమ పనికి గండికొట్టిన ఉద్యమానికి నాయకుడని తెలిసికూడా ఆ కార్మికులు ఆయనను ఆదరంతో స్వాగతించారు. కొనడం మానుకొన్నంతమాత్రాన బాధ్యత తీరిపోదనీ, ఆ మానుకోవడంవల్ల నష్టపడినవారికి ముఖం చూపగల ధైర్యం కూడా ఉండాలనీ ఆ సంఘటన తెలియజేస్తుంది.

లచ్చన్న స్వదేశీ దీక్షను రాజకీయ కార్యక్రమంగా మాత్రమే భావించలేదు. వేషం మారి మనస్సు మారకపోతే ప్రయోజనం లేదని ఆయన ఎరుగుదురు. ఖద్దరు కట్టిన చేత్తోనే సాటిమనిషిని అంటరానివాడని నెట్టివేయడం తగదని భావించి హరిజనోద్ధరణ కార్యక్రమాలలో పాల్గొన్నారు. రాత్రి పాఠశాలలు నడిపారు. దేవాలయ ప్రవేశంకోసం కృషిచేశారు. వెనుకబడిన వర్గాలవారు చదువుకొని, సంఘటితమై, తమ హక్కులను తామే సాధించుకోవాలని ప్రబోధించారు. ఆయన మాటతీరు నిర్మొహమాటంగా ఉండేది. ప్రజలు ఆయనకు ప్రేమతో సర్దార్ అన్న బిరుదునిచ్చారు. ఆ పేరు చివరివరకు ఆయన పేరుకు ముందు నిలిచింది.

రైతుల సమస్యలపై ఆయన దృష్టి మరలడానికి ఆచార్య ఎన్.జి.రంగా సాన్నిహిత్యం కారణమైంది. లచ్చన్న రంగాగారిని గురువుగా భావించారు. పత్తి పండించే రైతు దుక్కిదున్నకపోతే రాట్నానికి దూది లేదు. ఆ రైతుకు తన నేలమీద హక్కు లేకపోతే స్వదేశీ అన్న మాటకు అర్థం లేదు. ఈ భావంతో ఆయన జమీందారీ వ్యతిరేక పోరాటంలోకి దిగారు. 1940 మార్చి నెలలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభలు జరిగాయి. దేశం నలుమూలలనుంచి రైతునాయకులు ఈ మారుమూల పట్టణానికి తరలివచ్చారు. ఆ సభల నిర్వహణలో లచ్చన్న ప్రముఖ పాత్ర వహించారు. మద్రాసు, కలకత్తా రైలుమార్గంలో ఉన్న పలాస ఆ సభలతో దేశచరిత్రలో స్థానం సంపాదించుకొన్నది.

సభలు ముగిసిన కొద్దిరోజులకే మందస జమీందారీలో విషాదం సంభవించింది. అడవినుంచి కట్టెలు, నాగళ్లకు కావలసిన కలప తెచ్చుకోవడం తమ హక్కని రైతులు నిలబడ్డారు. వారిని నిర్బంధించడానికి 1940 ఏప్రిల్ 1న పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. గ్రామస్థులు ఎదురుతిరిగారు. ఆ ప్రతిఘటనకు ముందునిలిచిన స్త్రీ సాసుమాన గున్నమ్మ. పోలీసు కాల్పులలో ఆమెతోపాటు మరికొందరు రైతులు ప్రాణాలు కోల్పోయారు. ఉద్దానం ప్రజలు ఆమెను వీరగున్నమ్మగా నేటికీ స్మరించుకొంటారు. ఇటువంటి త్యాగాల ఫలితంగానే 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీ రద్దు చట్టాన్ని చేసింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైనప్పుడు లచ్చన్న అజ్ఞాతవాసంలో ఉండి ఉద్యమాన్ని నడిపారు. ప్రభుత్వం ఆయనకోసం తీవ్రంగా గాలించింది. చివరకు పట్టుబడి మరల జైలుజీవితం గడిపారు. ఈ విధంగా స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆయన యౌవనంలో చాలాభాగం ఉద్యమాలలోను, జైళ్లలోను గడిచిపోయింది.

స్వాతంత్ర్యానంతరం లచ్చన్నకు ఎదురైన ధర్మసంకటం ఆయన వ్యక్తిత్వాన్ని పూర్తిగా వెల్లడిచేసింది. విదేశీ వస్త్ర బహిష్కరణవలె మద్యనిషేధం కూడా గాంధేయ కార్యక్రమమే. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలయింది. తాగుడువల్ల కుటుంబాలు చితికిపోవడం నిజం కనుక ఆ ఆశయాన్ని కాదనేవారు లేరు. అయితే ఆ చట్టం ఒక్క కలంపోటుతో వేలాది గీతకార్మిక కుటుంబాల జీవనోపాధిని తొలగించింది. చెట్టెక్కడం తప్ప మరొక వృత్తి ఎరుగనివారికి బదులుగా తగిన బతుకుదెరువు చూపలేదు. వారిలో అనేకులు నేరస్థులుగా ముద్రపడి న్యాయస్థానాల చుట్టూ తిరిగారు.

తన వస్త్రాలనే దహనం చేసిన గాంధేయవాది ఇప్పుడు ఏ పక్షాన నిలవాలి? లచ్చన్న గీతకార్మికుల పక్షాన నిలిచారు. విదేశీ వస్త్రం మానినప్పుడు దాని స్థానంలో రాట్నం వచ్చింది. కల్లు మాన్పించినప్పుడు దాని స్థానంలో ఏమీ రాలేదు. ఆయన వైఖరికి మూలాధారం ఈ భేదమే. ఎంత మంచి ఆశయమైనా దాని భారమంతా సమాజంలో అట్టడుగున ఉన్నవారి నెత్తిన పడితే అది న్యాయం అనిపించుకోదని ఆయన విశ్వసించారు. అప్పటికే, 1951లో, రంగాగారి నాయకత్వాన ఏర్పడిన కృషికార్ లోక్ పార్టీలో ఆయన ముఖ్యులయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించిన తరువాత గీతకార్మికుల ఆందోళన ఊపందుకొన్నది. ఆ ఆందోళనకు లచ్చన్న నాయకత్వం వహించారు. మద్యనిషేధ సమస్యపై 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పతనమైంది.

ఈ విషయంలో లచ్చన్న వైఖరిని విమర్శించినవారు లేకపోలేదు. గాంధీజీ అనుయాయి కల్లుగీతను సమర్థించడమేమిటని ఆక్షేపించారు. తాగుడువల్ల ఇల్లాలు, పిల్లలు పడే బాధ సామాన్యమైనది కాదు. ఆ ఆక్షేపణలో కూడా సత్యం ఉన్నది. కాని లచ్చన్న పోరాడినది తాగుడుకోసం కాదు, తమ తప్పు లేకుండా పని కోల్పోయిన మనుషులకోసం. రెండు న్యాయాలు ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు నోరులేనివాని తరఫున మాట్లాడడం ఆయన ఎంచుకొన్న మార్గం.

1955లో ఏర్పడిన బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రిగా పనిచేశారు. సోంపేట నియోజకవర్గం నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. 1959లో స్వతంత్ర పార్టీ ఏర్పడినప్పుడు రంగాగారితోపాటు అందులో చేరారు. శాసనసభలో ప్రతిపక్ష నాయకునిగా వ్యవహరించారు. రైతుల, గీతకార్మికుల, వెనుకబడిన వర్గాల సమస్యలపై ఆయన గొంతు సభలో గంభీరంగా వినిపించేది.

1967 ఎన్నికలలో ఆయన శాసనసభకు, లోక్‌సభకు కూడా ఎన్నికయ్యారు. అదే ఎన్నికలలో గురువైన రంగాగారు పరాజయం పొందారు. లచ్చన్న శ్రీకాకుళం లోక్‌సభ స్థానానికి రాజీనామా చేశారు. ఆ స్థానానికి జరిగిన ఉపఎన్నికలో రంగాగారు గెలుపొంది పార్లమెంటులో ప్రవేశించారు. పదవులకోసం గురువులను విడిచిపెట్టేవారు కనిపించే రాజకీయరంగంలో, గురువుకోసం పదవిని విడిచిపెట్టిన ఈ ఉదంతం చిరస్మరణీయం. 1975లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు దాన్ని వ్యతిరేకించి, స్వతంత్ర భారతంలో కూడా ఆయన జైలుకు వెళ్లారు. పాలకులు ఎవరైనా అన్యాయాన్ని అన్యాయమనే చెప్పడం ఆయన అలవాటు.

ప్రజలకు ఆయన చేసిన సేవను గుర్తించి ఆంధ్ర విశ్వవిద్యాలయం 1999లో కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. దేశంకోసం మెట్రిక్యులేషన్ చదువును వదులుకొన్న విద్యార్థికి విశ్వవిద్యాలయ గౌరవం దక్కడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. 2006 ఏప్రిల్ 19న, తొంభై ఆరేళ్ల వయస్సులో, లచ్చన్న పరమపదించారు.

లచ్చన్న యువకునిగా ఎదుర్కొన్న ప్రశ్న ఆయనతో అంతరించిపోలేదు. నేడు గుడ్డకు కరువు లేదు. పండుగకొక జతతో తృప్తిపడిన కాలం పోయి, నెలకొక జత కొనే కాలం వచ్చింది. రెండు మూడుసార్లు తొడిగి పారవేసే దుస్తులు గుట్టలుగా పేరుకొంటున్నాయి. కృత్రిమ నూలుతో చేసిన బట్ట మట్టిలో త్వరగా కలవదు. రంగుల కర్మాగారాలనుంచి శుద్ధిచేయకుండా వదిలే నీరు వాగులను, బావులను చెడగొడుతుంది. ఒక నూలు టీషర్టు తయారుకావడానికి పొలంనుంచి దుకాణం వరకు సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని ఢాకా సమీపంలో రానా ప్లాజా అనే భవనం కూలిపోయినప్పుడు 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అధికభాగం విదేశీ సంస్థలకు దుస్తులు కుట్టే కార్మికులు, ముఖ్యంగా యువతులు. భవనానికి పగుళ్లు కనిపించినా, సరుకు సకాలంలో అందించాలన్న తొందరలో వారిని పనిలోకి పంపారు. అంగడిలో చౌకగా దొరికిన చొక్కాకు అసలు ధర ఎంతో ఆ శిథిలాలు లోకానికి తెలిపాయి.

అటువంటి సంస్థల దుస్తులను ఇకపై కొనకూడదని కొందరు ఆవేశపడ్డారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. కాని కర్మాగారం మూతపడితే ముందుగా వీధిన పడేది అక్కడ కుట్టుపని చేసే యువతే. ఇక్కడే లచ్చన్న జీవితం మార్గదర్శకమవుతుంది. చెడును మానుకోవడం ఎంత అవసరమో, మానుకొన్న చోట న్యాయమైన పనిని నిలబెట్టడం అంతే అవసరం. కార్మికునికి తగిన కూలి, భద్రమైన పనిచోటు కోరడం, చేనేతకు, ఖద్దరుకు ధర తగ్గించమని బేరమాడకుండా కొనడం, కొన్నదాన్ని చినిగేవరకు కట్టడం, అక్కరకు మించి కొనకపోవడం సామాన్యులకు సైతం సాధ్యమైన పనులే. వీటికి చట్టాల అండ, సంఘటిత శక్తి తోడైతే ఫలితం నిలుస్తుంది.

విదేశీ వస్త్రాన్ని వదిలిన నాటినుంచి గీతకార్మికులకు అండగా నిలిచిన నాటివరకు లచ్చన్న జీవితంలో ఒకే సూత్రం కనిపిస్తుంది. వస్తువును చూసిన కంటితోనే దాన్ని తయారుచేసిన మనిషిని కూడా చూడాలి. చౌకగా వచ్చినదానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లించి ఉంటారన్న ఎరుక ఉండాలి. పొందూరులో వడికే చేతులు, పలాసలో జీడిపిక్కలు ఒలిచే చేతులు, నౌపడ మళ్లలో ఉప్పు పోగుచేసే చేతులు ఆ ఎరుకను నేటికీ కోరుతున్నాయి. వస్త్రాన్ని ధరించే ప్రతి ఒక్కరూ ఆ చేతులకు ఋణపడి ఉన్నారు. ఆ ఋణాన్ని గుర్తించి, జీవితమంతా దాన్ని తీర్చడానికి పాటుపడినందువల్లనే గౌతు లచ్చన్న శ్రమజీవుల హృదయాలలో సర్దార్‌గా నిలిచిపోయారు.